ఒంటిదారి వంతెన మీద వియ్యాలవారు

మే 4, చల్లపల్లి

అమ్మ రావడం లేదు. విమానమంటే కళ్లు తిరుగుతాయని అందరికీ చెప్పింది. విమానం సంగతి నాకు తెలియదు గానీ, మాణిక్యం గారి పేరు చెబితే అమ్మకు నిజంగానే కళ్లు తిరుగుతాయి. కాబోయే వియ్యపురాలితో అన్ని రోజులు ఒకే కార్లో కూర్చోవడం కంటే ఇంట్లో వడియాలు పెట్టుకోవడం నయమనుకుంది. తెలివైన మనిషి.

మిగిలింది ఐదుగురం. నాన్న, నేను, జయంత్, వాళ్లమ్మ మాణిక్యం గారు, వాళ్ల నాన్న రాఘవయ్య గారు. న్యూజిలాండ్‌లో కారు అద్దెకు తీసుకుని ఊళ్లు తిరుగుతామట. శ్రావణంలో మా పెళ్లి. "పెళ్లికి ముందే రెండు కుటుంబాలూ పాలూ నీళ్లలా కలిసిపోవాలి బావగారూ" అన్నారు రాఘవయ్య గారు, నిశ్చితార్థం నాటి భోజనాల దగ్గర. పాలెవరో నీళ్లెవరో చెప్పలేదు. నాన్న మాత్రం అప్పటికప్పుడే తలూపాడు.

నాన్న మిల్లు గేటులో అడుగు పెడితే హమాలీలు బీడీలు పారేస్తారు. బియ్యం కొనడానికి వచ్చిన షావుకార్లు నిలబడే మాట్లాడతారు. అలాంటి తిరుపతిరావు నిశ్చితార్థం అయినప్పటి నుంచి రాఘవయ్య గారు తుమ్మితే చాలు, రుమాలు తీస్తున్నాడు. మగపెళ్లివారట. ఆ మాటలో ఏం మందుందో గానీ, పులి లాంటి మనిషి పిల్లి అయి కూర్చున్నాడు. చూస్తే ఒళ్లు మండుతోంది.

జయంత్ వేరు. పెళ్లిచూపుల్లో అందరూ నీకేం ఇష్టం అని అడుగుతారు కదా. అతను "నీకేం ఇష్టం లేదో చెప్పు" అన్నాడు. ఈ సంబంధానికి ఒప్పుకున్నది ఆ ఒక్క మాటకే.

మే 7, క్రైస్ట్‌చర్చ్

గన్నవరం, హైదరాబాదు, సింగపూరు, క్రైస్ట్‌చర్చ్. దారంతా రాఘవయ్య గారు స్పీకరు పెట్టి ఫోన్లో వీడియోలు చూశారు. విమానంలో ఉన్నవాళ్లందరూ వాస్తు నేర్చుకున్నారు.

ఇక్కడి విమానాశ్రయంలో ఒక కుక్క ఉంది. చిన్నది, మెడకు ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. మర్యాదగా వచ్చి నాన్న సూట్‌కేసు పక్కన కూర్చుంది. ఆఫీసరు తెరిపిస్తే లోపల ఎండురొయ్యల పొట్లం. తినే వస్తువులేమైనా ఉన్నాయా అని అంతకుముందే అడిగితే, అందరి తరఫునా "లేవు" అని గట్టిగా చెప్పింది మాణిక్యం గారు. నాన్నకు ఎండురొయ్యలంటే పడదు. ఆ వాసన వస్తే మిల్లు దగ్గరే భోజనం తెప్పించుకుంటాడు.

ఆవిడ పైకప్పు దీపాల వంక చూస్తోంది. నాన్న ఆవిడ వంక చూశాడు. తర్వాత "నావేనండీ" అన్నాడు.

జరిమానా కట్టాక ఆవిడ నవ్వుతూ "అన్నయ్యగారి పెట్టెలో కాస్త ఖాళీ ఉంటేనూ, అందులో సర్దాను. ఇంత రాద్ధాంతం చేస్తారనుకోలేదు సుమా" అంది. "అయ్యో, దాందేముంది చెల్లెమ్మా!" అన్నాడు నాన్న. దాందేముంది!

అసలు తమాషా కారు దగ్గర. కౌంటర్లో అమ్మాయి లైసెన్సులు చూపించమంది. జయంత్, రాఘవయ్య గారు ఇద్దరూ ఒకేసారి ఫోన్లు తీశారు. ప్రభుత్వం వారి యాప్‌లో ఉంది కదా, విజయవాడలో ట్రాఫిక్ పోలీసు కూడా దానికి సెల్యూట్ కొడతాడు. ఈ పిల్ల కొట్టలేదు. కార్డు కావాలంది. కార్డులు బీరువాలో భద్రంగా ఉన్నాయి, విజయవాడలో. నాన్న ఫోన్లను నమ్మడు, కార్డు ఎప్పుడూ జేబులోనే. నేను విజయవాడ బ్యాంకు ఉద్యోగం నుంచి వారం వారం కరకట్ట మీదుగా కారు నడుపుకుంటూ చల్లపల్లి వస్తాను కనుక నాదీ పర్సులోనే ఉంటుంది. కాబట్టి ఈ దేశంలో బండి నడిపే హక్కు ఆడపెళ్లివారిదే.

"పోన్లేండి, మాకు డ్రైవర్ల ఖర్చు తప్పింది" అన్నారు రాఘవయ్య గారు. అందరూ నవ్వారు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

మే 8, క్రైస్ట్‌చర్చ్

అద్దె కారుకు పూజ చేశారు. ఇంతకంటే రాయాలంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తాను.

నిమ్మకాయలు సూపర్‌మార్కెట్‌లో కొన్నారు. కొబ్బరికాయ కూడా అక్కడే దొరికింది, నున్నగా గొరిగినట్టుంది, పీచే లేదు. పసుపూ కుంకుమా మాణిక్యం గారి హ్యాండ్‌బ్యాగులోవి. మోటెల్ ముందు నాన్న కాయను గట్టు మీద కొట్టాడు. పగల్లేదు. మళ్లీ కొట్టాడు. పక్క గదిలో దిగిన తెల్లాయన బయటికి వచ్చి, నాన్న ఆరోగ్యం బాగానే ఉందా అని నన్ను అడిగాడు. బాగానే ఉంది, మా ఆచారం అన్నాను. ఆయన లోపలికెళ్లి సుత్తి తెచ్చిచ్చాడు. ఈ యాత్రలో నేను చూసిన మొదటి నాగరికుడు.

బానెట్ మీద బొట్టు పెట్టాక "ముందు సీట్లో మగపెళ్లివారు కూర్చోవాలండీ, అది మర్యాద" అంది ఆవిడ. రాఘవయ్య గారు కూర్చున్నారు. నాన్న నడిపాడు. నేను వెనకాల సామాన్ల మధ్య. నా ఒళ్లో రైస్ కుక్కర్.

మే 9, టెకపో

సరస్సు నీలంగా ఉంది. అంత నీలం నేను ఎక్కడా చూడలేదు. వెనక మంచుకొండలు. కారు ఆపి కిందికి దిగి అందరం నిలబడ్డాం. నాకు ఏడుపు లాంటిది వచ్చింది, ఎందుకో.

"మన బ్యారేజీ దగ్గర నీళ్లు ఇంతకంటే ఎక్కువుంటాయి" అన్నారు రాఘవయ్య గారు.

సాయంత్రం మోటెల్ గదిలో మాణిక్యం గారు పప్పుకు పోపు పెట్టింది. ఎండుమిరపకాయలు వేయగానే పైన గంట మోగింది. ఒక గది గంట కాదు, మోటెల్ మొత్తం. జనమంతా చలిలో గడ్డి మీదికి వచ్చారు. ఒకావిడ తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ఫైరింజను వచ్చింది. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు లోపలికి వెళ్లి, పప్పు చూసి, దగ్గుతూ బయటికి వచ్చారు.

మోటెలావిడకు క్షమాపణ ఎవరు చెప్పాలి? నాన్నే చెప్పాడు. ఇంగ్లీషు రాక చేతులు జోడించాడు. ఆవిడ కంగారుపడి తనూ జోడించింది. మాణిక్యం గారు గదిలో కూర్చుని, "పోపు పెట్టుకోడానికి కూడా లేని దేశం, ఏం దేశమండీ ఇదీ" అంటూ ఆ పప్పే తింది.

జయంత్ నా దగ్గరికొచ్చి చెవిలో "పెళ్లయ్యాక మనింట్లో పోపు బాల్కనీలో" అన్నాడు. నవ్వాను. అతను వేరు.

మే 10

గొర్రెలు. రాఘవయ్య గారు ప్రతి మందకూ కిలో ఎంతుంటుందని అడుగుతున్నారు. ఎవరిని అడుగుతున్నారో తెలియదు.

మే 11, వనాకా

ఇవాళ నేను నడిపాను. నాన్నకు నడుం పట్టేసింది. సామాన్లన్నీ ఆయనే దించి ఆయనే ఎక్కిస్తే పట్టదా మరి. జయంత్ సాయం పట్టబోతే "మీరుండండి అల్లుడుగారూ" అన్నాడు. అల్లుడుగారు ఉన్నారు. మళ్లీ పట్టబోలేదు.

నేను స్టీరింగ్ పట్టుకోగానే మాణిక్యం గారు "కాబోయే కోడలు నడుపుతుంటే మామగారు పక్కన కూర్చోవడం ఏం బాగుంటుంది, రోడ్డున పోయేవాళ్లు ఏమనుకుంటారు?" అంది. రోడ్డున పోయేవి గొర్రెలు. అయినా రాఘవయ్య గారు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి నడిపారు. "హారన్ కొట్టమ్మా." "ఓవర్‌టేక్ చెయ్యి." "హారన్ కొట్టవేం?" ఈ దేశంలో హారన్ కొడితే తిట్టినట్టని చెప్పాను. "తిడితే తిట్టామనుకోనీ" అన్నారు.

ఇక్కడి పల్లె రోడ్లలో నదుల మీద ఒంటిదారి వంతెనలు ఎక్కువ. ఒకసారి ఒక్క బండే పడుతుంది. ఎవరు ఆగాలో ముందే బాణాల గుర్తుతో బోర్డు పెడతారు. ఆగాల్సిన చోటల్లా నేను ఆగాను. నేను ఆగినప్పుడల్లా వెనక నుంచి నిట్టూర్పు వినిపించింది.

సాయంత్రం జయంత్, నేను సరస్సు ఒడ్డున నడిచాం. మీ అమ్మగారికి నువ్వు ఒక్క మాటైనా చెప్పవేం అని అడిగాను. "వాళ్లు మారరు సింధూ. మనం వేరే ఉంటాం కదా. వీళ్ల దగ్గర ఊఁ అనేసి మనింట్లో మనిష్టం" అన్నాడు. న్యాయంగానే ఉంది. తల్లిదండ్రులతో నడివీధిలో గొడవ పడేవాడిని చేసుకుని మాత్రం నేనేం చేసుకుంటాను? సౌమ్యుడు, అంతే. పిరికితనానికీ సౌమ్యతకీ తేడా నాకు తెలుసు.

తెలుసు.

రేపు రాఘవయ్య గారు నడుపుతారట. రెండు లారీలున్న మనిషట, ఆడపిల్ల నడిపితే వెనక కూర్చున్నారని ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేరట. కుదరదు, ఆయన పేరు కాగితాల్లో లేదు, చేతిలో లైసెన్సు లేదు అన్నాను. "ఒక గంటసేపే కదా, ఖాళీ రోడ్డే కదా" అన్నాడు జయంత్. "బావగారు నడిపితే మనకదో గౌరవం" అన్నాడు నాన్న, తాళాలు అందిస్తూ.

మే 12

రాయను.

మే 13, హోకిటికా

రాస్తాను. లేకపోతే రేపెవరైనా ఇలా జరగలేదంటే నేనూ నమ్మేస్తానేమో.

నిన్న మధ్యాహ్నం. రాఘవయ్య గారు స్టీరింగ్ దగ్గర, పక్కన నాన్న. వర్షం పడి వెలిసింది. ముందు ఒంటిదారి వంతెన. బోర్డు మీద ఎర్ర బాణం మావైపు, అంటే మేమే ఆగాలి. అవతలి ఒడ్డున ఒక చిన్న కారు వంతెన ఎక్కబోతోంది. నేను "ఆగండి మామయ్య గారూ, వాళ్లు ముందు" అన్నాను. ఆయన లైట్లు టపటపా కొట్టి వేగం పెంచారు.

మన దగ్గర లైట్లు కొడితే ఏమిటి అర్థం? నేనొస్తున్నాను, నువ్వాగు. బందరు రోడ్డు మీద బస్సువాడు లైటు కొడితే ప్రాణం మీద ఆశ ఉన్నవాళ్లెవరూ ముందుకు పోరు. ఇక్కడ లైట్లు కొడితే, మీరు రండి, నేనాగుతాను అని. ఆ కార్లో ముసలాయన చెయ్యెత్తి థాంక్స్ చెప్పాడు. నాకు స్పష్టంగా కనిపించింది. నవ్వుతూ చెయ్యెత్తి వంతెన ఎక్కాడు.

మధ్యలో కలిశాం. ఆయన పక్కకు తిప్పి రెయిలింగుకు కొట్టుకున్నాడు. మా కారు ఆ కారును రాసుకుంటూ పోయి ఆగింది. మాకెవరికీ ఏమీ కాలేదు. ఆయన మణికట్టు విరిగింది.

ముందుగా దిగి పరిగెత్తింది నాన్నే. ఆ ముసలాయన్ని రెండు చేతులా పట్టుకుని దింపి, తన శాలువా కప్పి, రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. ఆ కాసేపూ మా నాన్న మా నాన్నలాగే ఉన్నాడు. ఆయన భార్య వణుకుతూ "లైట్లు కొట్టారు కదా, రమ్మనే కదా" అని అదే మాట అంటోంది. రాఘవయ్య గారు సీట్లోంచి జరిగి వెనక్కి వెళ్లి కూర్చున్నారు. మాణిక్యం గారు నాన్నను పక్కకు పిలిచింది.

"అన్నయ్యగారూ, ఈయనకు లైసెన్సు లేదని తెలిస్తే జైల్లో పెడతారేమో. మగపెళ్లివారి పరువండీ. మీకు కార్డుందిగా, మీ పేరూ రాసుందిగా. మీరు నడిపారంటే పోయేదేముంది?"

నాన్న తలూపాడు. కాస్త ఆలోచించినా బాగుండేది. ఆలోచించలేదు.

పోలీసు వచ్చింది, ఆడమనిషి, నా వయసే ఉంటుంది. ఎవరు నడిపారంది. నాన్న బడిపిల్లాడిలా చెయ్యెత్తి ఇంగ్లీషులో "మీ, మేడమ్" అన్నాడు. ఎంత వేగంలో వస్తున్నారు, బోర్డు చూశారా, లైట్లు ఎందుకు కొట్టారు అని ఆమె అడిగింది. నాన్నకు ఒక్కటీ అర్థం కాలేదు. చెయ్యి అలాగే ఎత్తి ఉంచాడు.

అప్పుడు జయంత్ ముందుకు వచ్చాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పటిదాకా ఊఁ అన్నది చిన్న చిన్నవాటికి, ఇది పెద్దది, ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను.

"మా మామగారే నడిపారు. ఆయన పల్లెటూరి మనిషి, ఇలాంటి రోడ్లు అలవాటు లేవు. నెమ్మదిగా వెళ్లమని మా నాన్న చెబుతూనే ఉన్నారు" అన్నాడు. చక్కటి ఇంగ్లీషు. ఎక్కడా తడబడలేదు. నాన్నే నడిపాడని చెప్పడం ఒక ఎత్తు. పల్లెటూరి మొద్దన్నట్టు చేర్చింది మాత్రం ఇతగాడి సొంత కవిత్వం. ఎవరూ అడగలేదు.

నాన్నకు అందులో ఒక్క మాట అర్థమైంది. "యెస్ యెస్, విలేజ్" అన్నాడు నవ్వుతూ. తర్వాత తల దించుకున్నాడు. అర్థం కాకనే నవ్వి ఉంటే ఆ తల ఎందుకు దించుకుంటాడు?

నాకు అసహ్యం వేసింది. రాఘవయ్య గారి మీద కాదు. ఆయన మొదటి నుంచీ అంతే, దాచుకోలేదు పాపం. ఆ చక్కటి ఇంగ్లీషు మీద వేసింది.

"అబద్ధం. నడిపింది ఇతని తండ్రి. వెనక సీట్లో కూర్చున్నారు. లైసెన్సు లేదు. మా నాన్న చేసిన తప్పల్లా తాళాలివ్వడమే" అన్నాను. మాణిక్యం గారు నా చెయ్యి పట్టి లాగింది. "అమ్మాయ్, నీకేమైనా మతి పోయిందా? పెళ్లి పెట్టుకున్న పిల్లవి!" గాజు పగిలి గీరుకుంది. అవతలి కారు ముసలావిడ కూడా వెనక సీటు వైపే వేలు చూపించింది.

కేసు రాఘవయ్య గారి మీదే రాశారు. ఇన్సూరెన్సు రాదన్నారు, జరిమానాతో పాటు కార్ల నష్టమూ ఆయనే కట్టుకోవాలట. మమ్మల్ని ఇక్కడిదాకా వేరే బండిలో పంపారు. దారిలో నాన్న నాతో అన్నది ఒకే ఒక్క మాట. "నీ పెళ్లి నువ్వే చెడగొట్టుకున్నావు."

మే 14

నా పేరు మీద ఇంకో కారు ఇచ్చారు. నేనే నడిపాను. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. హారన్ కొట్టమని కూడా ఎవరూ అనలేదు. కొండలు చాలా బాగున్నాయి. ఇలాగైతే ఇంకో వారం తిరగొచ్చు.

మే 15, క్రైస్ట్‌చర్చ్

జయంత్ వచ్చాడు. మోటెల్ ముందు బెంచీ మీద కూర్చున్నాం. కాఫీ కూడా తెచ్చాడు, నాకు చక్కెర లేకుండా. గుర్తుంచుకున్నాడు. ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

"అంకుల్ తనంతట తానే ఒప్పుకున్నారు కదా సింధూ. ఆయనకు లేని బాధ నీకెందుకు? ఆయనకు లైసెన్సుంది, చిన్న ఫైన్‌తో పోయేది. నేను ప్రాక్టికల్‌గా ఆలోచించాను, అంతే."

"పల్లెటూరి మనిషి అనడం కూడా ప్రాక్టికలేనా?"

"అది ఏదో ఫ్లోలో వచ్చింది. మా నాన్నకు ఒక్క సారీ చెప్పు, చాలు. అంతా నేను చూసుకుంటాను. పెళ్లయ్యాక మనిష్టం ఎలాగూ..."

"పెళ్లయ్యాక పోలీసులొస్తే ఎవరు నడిపారని చెబుతావ్?"

అతనికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ముఖం చూస్తే తెలిసింది. అబద్ధమాడేవాడైతే పోట్లాడొచ్చు, ఇతను మనస్ఫూర్తిగా అడుగుతున్నాడు. కాఫీ అక్కడే పెట్టి లేచి వచ్చాను. నాకు ఇతను కావాలి, ఇప్పటికీ కావాలి, అదే దరిద్రం. బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

అయినా చేసుకోను.

మే 19, చల్లపల్లి

ఈ సంబంధం కుదిర్చిన మధ్యవర్తి వచ్చాడు. మూడు ఇడ్లీలు తిని, రాఘవయ్య గారు పెద్ద మనసు చేసుకున్నారని చెప్పాడు. అమ్మాయి ఇంటికొచ్చి అత్తమామల కాళ్లకు దణ్ణం పెట్టి, తొందరపడ్డానని ఒక్క మాటంటే ముహూర్తం అదే ఉంటుందట. రాకపోతే మాత్రం "పరాయి దేశంలో మామగారిని పోలీసులకు పట్టించిన పిల్ల" అని విజయవాడ నుంచి అవనిగడ్డ దాకా తెలుస్తుందట. తర్వాత సంబంధాలు రావడం కష్టమట. ఇడ్లీ తింటూ బెదిరించే మనిషిని ఇప్పుడే చూశాను.

నేను రాను, ఈ పెళ్లి నాకొద్దు అన్నాను. అమ్మ ఆయన ప్లేటు తీసేసింది. నాలుగో ఇడ్లీ అందులోనే ఉంది.

హోకిటికా దారిలో అన్న ఆ ఒక్క మాట తర్వాత నాన్న నాతో మాట్లాడటం లేదు. లేచి మిల్లుకు వెళ్లిపోయాడు. వెళ్లి ఒప్పేసుకుంటాడని నాకు ఖాయం. కాళ్లకు దణ్ణం నేను పెట్టకపోతే తనే పెట్టి వస్తాడు. అంత నమ్మకం పోయింది నాకు ఆయన మీద.

మే 20

మధ్యాహ్నం మిల్లుకు రమ్మని కబురు. వెళ్లాను. గదిలో నాన్న ఒక్కడే ఉన్నాడు. కూర్చోమన్నాడు. ఫోన్ తీసి నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నమస్కారమండీ రాఘవయ్య గారూ."

బావగారూ అనలేదు.

"లేదండీ... ఆలోచించే చెబుతున్నా... మా అమ్మాయికి ఇష్టం లేదు... నాక్కూడా లేదండీ... చెప్పుకోండి, ఎవరికైనా చెప్పుకోండి. ఎవరన్నా వచ్చి అడిగితే నేనూ చెబుతా ఏం జరిగిందో... ఉంటానండీ." 

ఫోన్ బల్ల మీద పెట్టాడు. బయట మర ఆడుతోంది, తౌడు దుమ్ము కిటికీలోంచి లోపలికి వస్తోంది. నా ముఖం చూడకుండా, ఆ దుమ్ము వంకే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నేనే నడిపానని ఎందుకన్నానో తెలుసా? ఆ కుర్రాడేం చెబుతాడో చూద్దామని. మనిషిని పరీక్ష చెయ్యాలి కదమ్మా పిల్లనిచ్చే ముందు. నీకంటే ముందే అనుమానం వచ్చింది నాకు."

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ రోజు ఆయన ముఖం నేను చూశాను, అందులో పరీక్షా లేదు, అనుమానమూ లేదు. భయం ఉంది, అంతే. ఈ మాట దారిలో ఎక్కడో కూర్చుని అల్లుకుని ఉంటాడు. అల్లడం కూడా రాలేదు, ఎక్కడికక్కడ ఊడిపోతోంది.

"నాకు తెలుసు నాన్నా" అన్నాను.

"తెలుసా?"

"అప్పుడే తెలుసు."

తలెత్తి నా వంక చూశాడు. నమ్మానని నమ్మాడో లేదో తెలియదు. ఈ ప్రయాణమంతా మగపెళ్లివారి కోసం అబద్ధాలాడిన మనిషి, మొదటిసారి మా ఇంటి కోసం ఒకటి ఆడాడు. దాన్ని పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు.